గ్రిజ్లీ వేట: ఒంటరిగా, తక్కువ ఖర్చులో ఎలా ప్లాన్ చేసుకోవాలి

“అన్నా, గైడ్ లేకుండా ఒక్కడినే వెళ్ళి గ్రిజ్లీని కొట్టొచ్చా? మొత్తం ఎంతవుతుంది?” ఫెయిర్‌బ్యాంక్స్‌లో (అలాస్కా) స్థిరపడ్డాక గ్రిజ్లీ, అంటే ఇక్కడి గోధుమరంగు ఎలుగు గురించి ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్క లేదు. డాలస్ నుంచి అడుగుతారు, న్యూజెర్సీ నుంచి అడుగుతారు. ఒకసారి ఖమ్మం నుంచి చిన్ననాటి దోస్తు కూడా అడిగాడు. ప్రతిసారీ ఫోన్లో గంటసేపు చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే నయమనిపించింది.

అందరూ తుపాకీ దగ్గర మొదలుపెడతారు. మీరు తోలు దగ్గర మొదలుపెట్టండి. ఎలుగు పడ్డాక ముప్ఫై నలభై కిలోల పచ్చి తోలు, పుర్రె మీ వీపు మీదే రోడ్డెక్కాలి, పక్కన చెయ్యేసే మనిషి ఉండడు. ఆ బరువు మీరు ఎంత దూరం మోయగలరో తెలిస్తే ఎక్కడికి వెళ్ళాలో, ఎంత ఖర్చవుతుందో దాన్నిబట్టే తేలిపోతుంది.

ముందు, మీకు అర్హత ఉందా?

సగం మంది ఇక్కడే ఆగిపోతారు. అమెరికాలో గ్రిజ్లీ వేటకు అనుమతి ఉన్నది అలాస్కాలోనే. అలాస్కాకు దక్షిణాన ఉన్న 48 రాష్ట్రాల్లో 1975 నుంచి అది కేంద్ర చట్టం రక్షణలో ఉంది. యెల్లోస్టోన్ చుట్టుపక్కల ఎన్ని కనిపించినా ఫొటో తీసుకోవడం వరకే. కెనడాలో బ్రిటిష్ కొలంబియా 2017 చివర్లో ఈ వేటను ఆపేసింది, ఆదివాసుల హక్కుల సంగతి వేరు.

అలాస్కాలోనైనా ఒంటరిగా వెళ్ళగలిగేది ఆ రాష్ట్ర నివాసులే. వరుసగా 12 నెలలు అక్కడే ఇల్లు పెట్టుకుని, ఉండిపోయే ఉద్దేశంతో ఉంటేనే నివాసి అంటారు. వేరే రాష్ట్రం నుంచి వచ్చే అమెరికా పౌరుడికి లైసెన్సున్న గైడ్ ఉండాలి, లేదా 19 ఏళ్ళు దాటిన అలాస్కా నివాసి అయిన దగ్గరి బంధువు వెంట ఉండాలి. పౌరసత్వం లేకుండా బయటి నుంచి వచ్చేవారికి ఆ బంధువు సౌకర్యం కూడా లేదు, గైడ్ తప్పనిసరి. గైడ్‌తో వేటంటే ఇరవై వేల డాలర్లు దాటడం మామూలే.

ఆ దగ్గరి బంధువు లెక్కలో మనవాళ్ళు తరచూ పొరపడతారు. సొంత అన్నదమ్ములు, అత్తమామలు, అల్లుడు, బావమరిది లెక్కలోకి వస్తారు. పెదనాన్న కొడుకు మనకు అన్నయ్యే గానీ అక్కడి చట్టానికి కజిన్ మాత్రమే, చెల్లడు.

ఎఫ్1, హెచ్1బీ వీసాల మీద ఉన్నవాళ్ళకు తుపాకీ పట్టుకోవడమే మామూలుగా నిషేధం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే కేంద్ర చట్టంలో మినహాయింపు ఉంది. అయినా స్నేహితుడి రైఫిల్ ముట్టుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. ఎలుగు కోసం వీసా పోగొట్టుకోవద్దు.

అర్హత లేదని తేలితే బాధపడకండి. వేరే రాష్ట్రంలోని అమెరికా పౌరులు నల్ల ఎలుగును, క్యారిబూ అనే జింకను గైడ్ లేకుండానే వేటాడొచ్చు. ఈ కింద రాసినదాంట్లో చాలావరకు వాటికీ పనికొస్తుంది.

ఖర్చు

నివాసికి వేట లైసెన్సు 45 డాలర్లు, గ్రిజ్లీ ట్యాగు (కొట్టిన ఎలుగుకు తగిలించే బిళ్ళ) 25. చాలా ప్రాంతాల్లో ఆ 25 కూడా మాఫీ. బయటి పౌరుడికి ఇవే 160, 1000 డాలర్లు. అంటే ప్రభుత్వానికి కట్టేది ఏమంత కాదు. డబ్బు పోయేది మూడు చోట్ల: చిన్న విమానం, కొత్త సామాను, తర్వాత తోలు పని. విమానం మానేసి రోడ్డు పట్టుకుంటే వేల డాలర్లు మిగులుతాయి. సామాను సగం అరువు తెచ్చుకోవచ్చు. తోలును రగ్గుగా చేయించాలంటే మాత్రం మళ్ళీ వేలలోనే, ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. మొదటిసారి ఆ సంగతే తలచుకోకుండా వెళ్ళి, తర్వాత తోలును ఏడాదిపాటు ఫ్రీజర్‌లో పెట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు.

కావలసినవి

- రైఫిల్: థర్టీ-ఆట్-సిక్స్ (.30-06) క్యాలిబర్ గానీ అంతకు పైది గానీ. తూటా బరువైనది, లోతుగా దిగేది.
- మంచి బైనాక్యులర్స్. పిసినారితనం అన్నిట్లోనూ చూపించండి, దీంట్లో వద్దు.
- ఫ్రేమున్న పెద్ద బ్యాగు, 45 కిలోలు మోసేది.
- శాటిలైట్ మెసేజ్ పరికరం. కొనలేకపోతే అద్దెకు దొరుకుతుంది.
- బేర్ స్ప్రే (మీదికొచ్చే ఎలుగు ముఖాన కొట్టే కారం స్ప్రే), ఎలుగు తెరవలేని ఆహారపు డబ్బా.
- బ్యాటరీతో నడిచే చిన్న కరెంటు కంచె. ఒంటరిగా వెళ్ళేవాడికి నిద్ర పట్టేది దీనివల్లే.
- పదునైన చిన్న కత్తులు రెండు, సానరాయి, 15 మీటర్ల తాడు.
- అయొడిన్ లేని సన్నటి ఉప్పు, పది కిలోలకు తగ్గకుండా. ఇది కారులోనే ఉంటుంది.
- రక్తం ఆపే పట్టీ, గాయాల కట్లు. వాటిని ఒంటిచేత్తో కట్టుకోవడం ఇంట్లోనే ప్రాక్టీసు చేయండి.

ఇక పని మొదలుపెడదాం

1. బరువు పరీక్ష. ఇండియన్ స్టోర్లో దొరికే 20 పౌండ్ల బియ్యం సంచులు నాలుగు బ్యాగులో కట్టుకోండి. 36 కిలోలవుతుంది. దారి లేని చోట, మెత్తటి నేల మీద 3 కిలోమీటర్లు నడవండి. అలాస్కా బయళ్ళలో గడ్డి దుబ్బులు ఫుట్‌బాల్ సైజులో ఉబ్బి ఉంటాయి. పైన కాలు పెడితే పక్కకు జారుతుంది, మధ్యలో పెడితే నీళ్ళలో దిగుతుంది. అక్కడ గంటకు ఒక కిలోమీటరు నడిస్తే గొప్పే. మీరు పడిపోకుండా ఎంత దూరం మోయగలిగారో, రోడ్డు నుంచి అంతకుమించి ఎలుగును కొట్టకండి.

లెక్క వేసుకోండి. రోడ్డుకు 3 కిలోమీటర్ల దూరంలో కొట్టారనుకుందాం. తోలు, పుర్రె తేవడానికి 3, టెంటు కోసం వెనక్కి 3, దాంతో మళ్ళీ 3, మొత్తం 9. మాంసం ఇంకో రెండు ట్రిప్పులైతే 21 కిలోమీటర్లు. మ్యాపులో 8 కిలోమీటర్ల లోపల ఉన్న అందమైన లోయ మీద మనసు పడేముందు ఇదే లెక్క దానికీ వేసి చూడండి.

2. చోటు. తక్కువ ఖర్చుకు నేను చెప్పేది డెనాలి హైవే. ప్యాక్సన్ నుంచి క్యాంట్‌వెల్ దాకా 135 మైళ్ళ రోడ్డు, చాలావరకు కంకరే. చెట్లు తక్కువ, కనుచూపు ఎక్కువ, పక్కనే దిగి నడవొచ్చు. పేరు చూసి డెనాలి నేషనల్ పార్కులోకి మాత్రం వెళ్ళకండి, అది వేరు. స్పేర్ టైర్లు రెండు పెట్టుకోండి, ట్యాంకు నింపుకునే వెళ్ళండి.

జాగ్రత్త: ఉత్తరాన ఉన్న డాల్టన్ హైవే కూడా ఖర్చు తక్కువే గానీ యూకాన్ నది దాటాక రోడ్డుకు రెండు వైపులా 5 మైళ్ళ లోపల రైఫిల్‌తో వేట నిషేధం, విల్లు బాణాలే. రైఫిల్ వాడాలంటే ఆ 5 మైళ్ళూ నడిచి దాటాలి. బరువు పరీక్ష గుర్తుంది కదా.

ప్రత్యామ్నాయం: డబ్బుంటే చిన్న విమానం. దిగిన రోజు మాత్రం వేటాడకూడదు. మర్నాడు తెల్లవారుజామున 3 గంటలు దాటాకే. పైనుంచి చూసి, దిగి, కొట్టకుండా పెట్టిన రూలిది.

3. రూల్స్. రాష్ట్రాన్ని 26 యూనిట్లుగా విడగొట్టారు. ప్రతి యూనిట్‌కూ సీజన్ వేరు, పరిమితి వేరు. కొన్నిచోట్ల ఏడాదికొక ఎలుగు, కొన్నిచోట్ల నాలుగేళ్ళకొకటి. అక్కడి ఏడాది జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. పోయినేడాది పుస్తకం చూసి వెళ్ళడం అందరూ చేసే తప్పు. 1986 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్ళు కొన్ని యూనిట్లలో వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి ఉండాలి. డెనాలి హైవే ఎక్కువగా యూనిట్ 13లో ఉంది, అక్కడ అది కావాలి.

సరిచూసుకోండి: వెళ్ళే ముందు ఫిష్ అండ్ గేమ్ (వేట రూల్స్ చూసే రాష్ట్ర శాఖ) ఆఫీసుకు ఫోన్ చేసి, మ్యాపులో మీ చోటు చెప్పి, “ఈ తేదీల్లో, ఇక్కడ, నేను” అని మూడూ కలిపి అడగండి. విసుక్కోరు.

4. కాలం. వసంతంలో గుహల్లోంచి మగవే ముందు బయటికొస్తాయి, తోలు దట్టంగా ఉంటుంది. కానీ డెనాలి హైవే మే నెల సగం దాకా మంచులోనే ఉంటుంది. ఒంటరిగా, మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఆగస్టు చివర, సెప్టెంబర్ మంచిది. ఎలుగులు బ్లూబెర్రీ వాలుల మీద పగలంతా తల ఎత్తకుండా తింటుంటాయి. రోడ్డు మీద వేటగాళ్ళ రద్దీ ఉంటుంది. ఏదైనా జరిగితే ఆ రద్దీయే మీకు దిక్కు, కాబట్టి తిట్టుకోకండి.

5. గురి. బెంచీ మీద తుపాకీ ఆనించి కొట్టి సంబరపడకండి. చలికోటు వేసుకుని, బ్యాగు తగిలించుకుని, కాస్త పరిగెత్తి, నేల మీద కూర్చుని 100 గజాల్లో ఐదు తూటాలు కొట్టండి. ఐదూ ఒక పూరీ అంత చోటులో పడాలి. నాలుగే పడితే 100 గజాలు మీ దూరం కాదు, 70కి తగ్గించుకోండి. అరువు తెచ్చిన పెద్ద మాగ్నమ్ కంటే అలవాటైన మామూలు తుపాకీ మేలు. తుపాకీ తన్నుకు భయపడి కళ్ళు మూసుకునేవాడి తూటా ఎక్కడ పడుతుందో దేవుడికే తెలుసు.

6. ఇంట్లో చీటీ. కారు ఎక్కడ పెడతారు, టెంటు ఎక్కడ, ఏ రోజు ఎన్ని గంటలకు మెసేజ్ పెడతారు, ఎన్ని గంటలు ఆలస్యమైతే ట్రూపర్లకు (రాష్ట్ర పోలీసులకు) ఫోన్ చేయాలి, అన్నీ రాసి ఇంట్లో ఇవ్వండి. ఆలస్యానికి 12 గంటల గడువు పెట్టండి. మరీ తక్కువ పెడితే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, ఎక్కువ పెడితే చీటీకి అర్థం ఉండదు.

7. క్యాంపు. వండేది, తిండి పెట్టేది టెంటుకు కనీసం 100 గజాల దూరంలో, గాలివాటు చూసుకుని. పప్పులు, పోపులు వద్దు. ఇంగువ వాసన కొండ అవతలికి పోతుంది, మన ముక్కుకు కమ్మగా ఉండే ప్రతిదీ దాని ముక్కుకూ కమ్మగానే ఉంటుంది. అటుకులు, ఉప్మా రవ్వ వేయించి పొడిగా తెచ్చుకుంటే వేడినీళ్ళు చాలు. తిండి బయట వదిలేసి, దానికోసం వచ్చిన ఎలుగును కాల్చి ఆత్మరక్షణ అంటే చట్టం ఒప్పుకోదు. నిజంగా ఆత్మరక్షణకే కొట్టినా తోలు, పుర్రె ప్రభుత్వానివే.

హిమానీనదాల నుంచి వచ్చే వాగులు పొద్దున తగ్గి ఉంటాయి, మధ్యాహ్నం ఎండకు మంచు కరిగి సాయంత్రానికి ఉబ్బుతాయి. పొద్దున మోకాలి లోతులో దాటిన వాగు సాయంత్రం మీ వీపు మీద తోలుతో దాటనివ్వదు. కుదిరితే వాగుకు రోడ్డు వైపునే వేటాడండి.

8. కూర్చోవడం. వేటంటే నడక అనుకుంటారు. ఇక్కడ వేటంటే కూర్చోవడం. ఎత్తయిన చోటెక్కి, గాలికి ఎదురుగా, బైనాక్యులర్స్‌తో వాలుల్ని అంగుళం అంగుళం చూడండి. రోజుకు పది గంటలు. పొదల్లో తిరిగితే మీ వాసన లోయంతా పరుచుకుంటుంది, ఎలుగు మీకు కనిపించదు, మీరు దానికి కనిపిస్తారు.

కనిపించగానే కదలకండి. ముందు తేల్చుకోవలసింది అది ఒక్కటేనా అన్నది. పిల్లలున్న తల్లిని, రెండేళ్ళలోపు పిల్లను కొట్టడం నేరం. నా మొదటి సీజన్లో లేతబంగారు రంగు ఎలుగొకటి 90 గజాల్లో, పక్కకు తిరిగి, బెర్రీలు తింటూ నిలబడింది. తుపాకీ మోకాలి మీద ఉంది. సేఫ్టీ తీయలేదు. ఎందుకో ఒక గంట చూద్దామనిపించింది. నలభై నిమిషాలకు అది ముక్కు పైకెత్తి ఊఫ్ అంది. వెనక విల్లో పొదలోంచి కుక్కపిల్లల్లాంటి రెండు తలలు బయటికొచ్చాయి. ఆ మధ్యాహ్నం నా చేతులు వణికింది చలికి కాదు. అప్పటినుంచి గంట లోపు ఏ ఎలుగు మీదా తుపాకీ ఎత్తను.

మగదో ఆడదో తేల్చడం అనుభవం మీద వచ్చేది. తల వెడల్పుగా, చెవులు చిన్నవిగా, పక్కపక్కన కాక దూరదూరంగా కనిపిస్తే పెద్ద మగది కావచ్చు. ఒంటి మీద బొచ్చు ఊడిన మచ్చలున్నాయేమో కూడా చూడండి. అనుమానం తీరకపోతే వదిలేయండి.

9. కాల్పు. పక్కకు తిరిగి నిలబడాలి. ముందు కాలి వెనక, కింది నుంచి ఒళ్ళు ఎత్తులో మూడోవంతు పైకి. ఎదురుగా వస్తున్నప్పుడు, వెళ్ళిపోతున్నప్పుడు, పొద్దు వాలాక కొట్టొద్దు. మొదటి తూటా తగలగానే చూస్తూ కూర్చోకండి, పడి కదలిక ఆగేదాకా కొడుతూనే ఉండండి. తోలులో చిల్లు పడుతుందని రెండో తూటా కక్కుర్తి పడినవాళ్ళే పొదల్లో గాయపడ్డ ఎలుగును వెతుక్కుంటారు. బొచ్చు, కొవ్వు రక్తాన్ని పీల్చేసుకుంటాయి, నేల మీద చుక్క కూడా పడకపోవచ్చు. గాయంతో పొదల్లో దూరితే కనీసం అరగంట ఆగి, వెలుగుంటేనే, ఎత్తు నుంచి చూస్తూ వెళ్ళండి. కొన్ని యూనిట్లలో గాయపడినదీ మీ ఖాతాలోనే పడుతుంది. అంతటితో మీ వేట అయిపోయినట్టే.

10. దగ్గరికి. వెనకవైపు నుంచి, పైవాలు నుంచి వెళ్ళండి. కళ్ళు తెరిచే ఉంటాయి. పొడవాటి కర్రతో కన్ను తాకి చూడండి. రెప్ప కదిలితే ఇంకో తూటా. కళ్ళు మూసుకుని ఉంటే బతికే ఉందని లెక్క. ట్యాగు అవసరమైన చోట వెంటనే తగిలించండి. ఫొటోలు ఆ తర్వాతే.

11. తోలు. అలాస్కా లోపలి ప్రాంతపు మగ గ్రిజ్లీ 150 నుంచి 250 కిలోలుంటుంది. ఒక్కడే తిప్పలేరు. కాలుకు తాడు కట్టి దగ్గరి పొదకు లాగి కట్టేస్తే వెల్లకిలా నిలుస్తుంది. గడ్డం కింద నుంచి తోక దాకా ఒక గీత, కాళ్ళ లోపలివైపు నాలుగు గీతలు. కత్తి పదును పైకి పెట్టి, లోపలి నుంచి బయటికి కోయండి. పైనుంచి కోస్తే బొచ్చు తెగుతుంది, కత్తి మొద్దుబారుతుంది. పంజాలు మణికట్టు దగ్గర, తల మెడ దగ్గర విడదీసి తోలుకే ఉంచండి. వేళ్ళు, పెదవులు, చెవులు వలవడం సన్నటి పని, కారు దగ్గర తీరిగ్గా చేసుకోవచ్చు. మగో ఆడో తెలిపే భాగం మాత్రం తోలుకు అంటుకునే ఉండాలి. అలవాటు కొద్దీ కోసి పారేస్తే ఆఫీసులో సమాధానం చెప్పలేరు.

తోలును చెడగొట్టేది వేడి. లోపలివైపు గాలికి పరిచి పూర్తిగా చల్లారాకే చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో వేడి వేడిగా కుక్కితే రెండో రోజుకు బొచ్చు పిడికిళ్ళుగా ఊడొస్తుంది. ఉప్పు విషయంలో అందరూ చేసే తప్పు: కొవ్వు గీకకుండా, వేళ్ళు వలవకుండా పైపైన చల్లడం. కొవ్వు మీద ఉప్పు దిగదు, లోపల కుళ్ళుతుంది. రెండు రోజుల్లో ఊరు చేరగలిగితే, వాతావరణం చల్లగా ఉంటే ఉప్పు జోలికి పోకుండా తోలు పని చేసేవాళ్ళకు అప్పగించడమే మంచిది.

సరిచూసుకోండి: పొట్ట దగ్గర నాలుగు వెంట్రుకలు పట్టి మెల్లగా లాగండి. రాకపోతే తోలు బాగున్నట్టే.

12. మాంసం. గ్రిజ్లీ మాంసం తేవాలని చాలాచోట్ల చట్టం బలవంతం చేయదు. తేవాలని నేనంటాను. బెర్రీలు తిన్న ఎలుగు మాంసం బాగుంటుంది, సాల్మన్ తిన్నదాన్ని వండితే ఇల్లంతా చేప కంపు. ట్రైకినెల్లా అనే పురుగు ఉండొచ్చు. ఫ్రీజర్‌లో పెడితే చస్తుందనుకుంటారు, ఉత్తరాది రకం గడ్డకట్టినా బతుకుతుంది. ఎండబెట్టినా, పొగబెట్టినా నమ్మకం లేదు. ముక్క మధ్యలో 71 డిగ్రీల సెల్సియస్ దాటేలా ఉడకాలి. నిల్వ పచ్చడి పెట్టేవాళ్ళు ముక్కల్ని ముందు ప్రెషర్ కుక్కర్‌లో పూర్తిగా ఉడికించి, అప్పుడే నూనెలో వేయించండి. పిత్తాశయం మందు కోసం కావాలని ఎవరైనా అడిగితే, అమ్మడం నేరమని చెప్పి ఫోన్ పెట్టేయండి.

13. సీలింగ్. కొట్టిన 30 రోజుల్లోగా తోలు, పుర్రె రెండూ పట్టుకుని ఫిష్ అండ్ గేమ్ ఆఫీసుకో, వాళ్ళు నియమించిన మనిషి దగ్గరికో వెళ్ళాలి. కొలతలు తీసుకుంటారు, వయసు తేల్చడానికి చిన్న పన్నొకటి పీకుతారు, తోలుకు, పుర్రెకు సీలు వేస్తారు. పుర్రె గడ్డకట్టి ఉంటే పన్ను రాదు. నేను రాయిలా గడ్డకట్టిన తలను తీసుకెళ్ళి, వాళ్ళు నవ్వి వెనక్కి పంపితే, ఇంటి గ్యారేజీలో రెండు రోజులు బకెట్లో పెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. మీరు రెండు రోజుల ముందే ఫ్రీజర్‌లోంచి తీసి పెట్టండి. సీలు పడిన కాగితాన్ని ఫొటో తీసి పెట్టుకున్నాక తోలును రగ్గు చేసేవాడి దగ్గరికి పంపొచ్చు.